విలన్ ఎవరు? ఇంగ్లండులో వెట్టి ఎట్లా పోయింది

సినిమా చూసొచ్చి 'విలన్ బాగా చేశాడు' అనుకుంటాం. ఆ మాట ఇంగ్లీషుదని అందరికీ తెలుసు. ఇంగ్లీషులో అది మొదట ఎవరి పేరో తెలిసినవాళ్ళు తక్కువ. ఏడెనిమిది వందల ఏళ్ళ కింద ఇంగ్లండులో విలన్ అంటే దొర భూమికి కట్టుబడి వెట్టి చేసే రైతు. లాటినులో 'విల్లా' అంటే పొలాలూ ఇళ్ళూ కలిసిన పెద్ద కమతం. ఆ విల్లాలో బతికేవాడు విలన్. వాడి పని దున్నడం, కోయడం, మోయడం. వాడి తిండి తిన్న దొరలు, మఠాల సన్యాసులు, ఆస్థాన కవులు వాడి పేరును తిట్టుగా వాడీ వాడీ చివరికి దుర్మార్గుడి పేరుగా స్థిరపరిచారు. కులం పేరే తిట్టుగా విన్న మనకు ఈ మాట ప్రయాణం గురించి వేరే వివరణ అక్కర్లేదు.

ఈ వ్యాసం ఆ విలన్ గురించి. మన కాలేజీల్లో ఇంగ్లండు చరిత్ర అంటే రాజుల వరస, ఫ్రాన్సుతో నూరేళ్ళ యుద్ధం, గులాబీల యుద్ధం. పొలంలో ఉన్నవాడు ఆ పాఠంలో కనిపించడు. కనిపిస్తే 1381 నాటి తిరుగుబాటు దగ్గర ఒక పేరాలో కనిపించి మాయమవుతాడు. కానీ మనం అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది. 1300 ప్రాంతంలో ఇంగ్లండు పల్లె జనంలో రమారమి సగం మంది పుట్టుకతోనో, భూమితోనో ఈ కట్టులో ఉన్నారని చరిత్రకారుల అంచనా. 1600 నాటికి అట్లాంటివాళ్ళు దాదాపు లేరు. అయితే ఈ మూడొందల ఏళ్ళలో ఏ రాజూ, ఏ పార్లమెంటూ దాన్ని రద్దు చేస్తూ చట్టం చేయలేదు. మరి ఎట్లా పోయింది? పోయాక వాళ్ళకు మిగిలిందేమిటి? అందులో మనకు పనికొచ్చే పాఠమెంత, పనికిరానిదెంత?

దొర, మేనరు, చుట్ట

మేనరు అంటే దొర అధికారం నడిచే భూభాగం. అందులో కొంత దొర సొంత సేద్యం. మిగతాది విలన్ కుటుంబాల చేతిలో ముక్కలు ముక్కలుగా ఉండేది. ఆ ముక్క దున్నుకుంటున్నందుకు విలన్ వారానికి రెండు మూడు రోజులు దొర పొలంలో కూలి లేకుండా పని చేయాలి. కోతల కాలంలో అదనపు వెట్టి. ఇది అన్నిచోట్లా ఒకేలా లేదు. కొన్ని ఊర్లలో వెట్టికి బదులు డబ్బు కట్టించుకున్నారు. కెంట్ జిల్లాలోనైతే విలన్ పద్ధతి లేదనే చెప్పుకునేవాళ్ళు.

వెట్టి కన్నా అవమానకరమైనవి పుట్టుక మీద వేసే పన్నులు. కూతురి పెళ్ళి చేయాలంటే దొరకు డబ్బు కట్టి అనుమతి తీసుకోవాలి. దాని పేరు మర్చెట్. పెళ్ళి కాకుండా ఆడపిల్ల గర్భవతి అయితే జుర్మానా. ఇంటిపెద్ద చచ్చిపోతే ఆ ఇంట్లో ఉన్నవాటిలో మేలైన పశువును దొర తోలుకుపోతాడు. ఊరు విడిచి వేరేచోట బతకాలంటే ఏటా చెవేజ్ అనే తలపన్ను. పిండి దొర మరలోనే పట్టించుకోవాలి, దానికీ తూకం ఇవ్వాలి. తన భూమి గురించి దొర మీద రాజు కోర్టుకు పోయే హక్కు విలన్‌కు లేదు. పోతే 'వీడు నా విలన్' అని దొర ఒక్క మాట రుజువు చేస్తే చాలు, కేసు కొట్టేస్తారు. 13వ శతాబ్దం చివర బర్టన్ మఠాధిపతి తన విలన్లతో జరిగిన తగాదాలో, పొట్ట తప్ప వాళ్ళకు సొంతమైనది ఏదీ లేదని వాదించాడు. మాట్లాడింది క్రైస్తవ మఠాధిపతి అని గుర్తుంచుకోవాలి. దేవుడి ముందు అందరూ సమానమని ప్రసంగించిన మఠాలే దేశంలో పెద్ద దొరల్లో ఒకటి. విలన్లను చివరిదాకా వదలకుండా పట్టుకున్నదీ చాలాచోట్ల ఆ మఠాలే.

ఇదంతా గుర్తుంచుకున్నది ఎవరు? మేనరు కోర్టు. ఆ కోర్టులో జరిగినదంతా గుమాస్తా లాటినులో తోలు మీద రాసి చుట్ట చుట్టి పెట్టేవాడు. ఫలానావాడి తాత వెట్టి చేశాడు, ఫలానామె పెళ్ళికి మర్చెట్ కట్టారు, కనుక ఫలానావాడు పుట్టు విలన్ అని ఆ చుట్ట సాక్ష్యం చెబుతుంది. వాళ్ళను లాటినులో నేటివస్ అనేవాళ్ళు, అంటే పుట్టుకతో వచ్చినవాడు. మా ఊర్లో కరణం దస్తరం ఎట్లాగో, అక్కడ ఆ చుట్ట అట్లాగ. చదవడం రానివాడి బతుకు వాడికి రాని భాషలో రాసి ఉంటుంది.

చావు తర్వాత కూలి

1300 నాటికి ఇంగ్లండులో జనం ఎక్కువ, భూమి తక్కువ. కాబట్టి కౌలు ఎక్కువ, కూలి తక్కువ. 1315 నుంచి 1317 దాకా వానలు పంటల్ని ముంచేసి పెద్ద కరువు తెచ్చాయి. 1348లో మహామారి వచ్చింది. దక్షిణ తీరంలో డార్సెట్ ఓడరేవులో దిగి ఏడాదిన్నరలో దేశమంతా పాకింది. మూడోవంతు నుంచి సగం దాకా జనం పోయారు. 1361లో మళ్ళీ వచ్చింది. తర్వాత కూడా వదల్లేదు.

బతికినవాళ్ళకు ఒక సంగతి వెంటనే అర్థమయింది. దొరకు భూమి ఉంది, దున్నే చేతులు లేవు. నిన్నటిదాకా పని అడుక్కున్న మనిషి ఇవాళ కూలి ఇంతిస్తేనే వస్తా, లేకుంటే పక్క ఊరి దొర ఇస్తానంటున్నాడు అని చెప్పే స్థితి వచ్చింది.

రాజ్యం ఎంత తొందరగా కదిలిందో చూడండి. శవాలు ఇంకా పూడుస్తుండగానే, 1349 జూన్ 18న మూడో ఎడ్వర్డు రాజు కూలీల మీద ఆజ్ఞ జారీ చేశాడు. అరవై ఏళ్ళ లోపు ఉండి, ఒళ్ళు బాగుండి, సొంత భూమీ వృత్తీ లేని ఆడా మగా ఎవరైనా సరే, పిలిచినవాడి దగ్గర పనికి పోవలసిందే. కూలి మహామారికి ముందటిదే. గడువు తీరకముందే పని విడిచిపోతే జైలు. పని చేయగలిగిన బిచ్చగాడికి ఎవరూ బిచ్చం వేయకూడదు. 1351లో పార్లమెంటు దీన్ని చట్టం చేసి రేట్లు కూడా రాసిపెట్టింది. గడ్డి ఆరబెట్టేవాళ్ళకు రోజుకు 1 పెన్నీ. కోతకు ఆగస్టు మొదటి వారం 2 పెన్నీలు, ఆ తర్వాత 3. మాట విననివాళ్ళ కోసం ఊరూరా బొండకొయ్యలు నాటించాలి. 1361 చట్టం ఇంకో అడుగు ముందుకేసి, పారిపోయిన కూలీ నుదుటి మీద అక్షరం వాత పెట్టవచ్చు అంది.

ఈ చట్టాలు చేసిన పార్లమెంటులో కూర్చున్నది భూస్వాములు. అమలు చేయడానికి జిల్లాల్లో న్యాయాధికారులుగా నియమించినవాళ్ళూ ఎక్కువగా వాళ్ళే. కూలి ఇవ్వాల్సినవాడే కూలి ఎక్కువ అడిగినవాడికి శిక్ష వేస్తాడు. వేలమందికి జుర్మానాలు పడ్డాయి. అందులో ఆడవాళ్ళు చాలామంది. అయినా కూలి ఆగలేదు. చట్టం రాసిన దొరే, పక్క దొరకు తెలియకుండా, కోతల రోజున ఎక్కువిచ్చి మనుషుల్ని పిలుచుకున్నాడు. కూలి రేటు కింద కొంత, పైన తిండి, గోధుమలు, బట్ట పేర కొంత. చివరికి ఏమయింది? 14వ శతాబ్దం మొదట్లో మామూలు కూలీ రోజుకు ఒకటిన్నర, రెండు పెన్నీలు తెచ్చుకుంటే, 15వ శతాబ్దం మధ్యకు దక్షిణ ఇంగ్లండులో 4 పెన్నీలు వచ్చేవి. తిండిగింజల ధర అంత పెరగలేదు.

బట్ట, బడి

కూలి పెరిగితే దొరకు డబ్బు నష్టం ఒక్కటే కాదు. కూలోడు మాంసం తింటున్నాడు, మంచి గుడ్డ కడుతున్నాడు, చూస్తే ఎవరెవరో తెలియడం లేదు అన్నది పెద్ద బాధ. 1363లో పార్లమెంటు ఎవరు ఏం కట్టాలో చట్టం చేసింది. బండి తోలేవాళ్ళు, నాగలి పట్టేవాళ్ళు, గొర్లకాపరులు, పశువుల కాపరులు, 40 షిల్లింగుల ఆస్తి లేనివాళ్ళంతా ముతక ఉన్ని గుడ్డలు రెండు రకాలే కట్టాలి. వాటి ధర 12 పెన్నీలు మించకూడదు. పనివాళ్ళకు మాంసమో చేపో రోజుకు ఒక్కపూటే. అమలు చేయడం కుదరక ఆ చట్టాన్ని కొద్దికాలానికే వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ కోరిక ఏమిటో మనకు తెలుసు. మనిషి స్థానం వాడి ఒంటి మీద కనిపించాలి.

తర్వాతి వంతు చదువుది. 1388లో కేంబ్రిడ్జిలో కూడిన పార్లమెంటు, పన్నెండేళ్ళ దాకా నాగలి పనో బండి పనో చేసిన పిల్లవాడు జీవితాంతం ఆ పనే చేయాలని, వేరే వృత్తి నేర్పకూడదని చట్టం చేసింది. అధికారి ముద్ర వేసిన చీటీ లేకుండా కూలీ తన ప్రాంతం దాటకూడదు. 1391లో పార్లమెంటు సభ్యులు రాజును ఇంకోటి అడిగారు. విలన్ల పిల్లల్ని బడికి పంపనివ్వొద్దు అని. విలన్ కొడుకు చదువుకుని చర్చి ఉద్యోగంలో చేరితే దొర చేతుల్లోంచి జారిపోతాడు. ఎదురొచ్చి వాదిస్తాడు కూడా. రాజు ఒప్పుకోలేదు. 1406 చట్టం పట్టణాల్లో వృత్తి నేర్చుకోడానికి ఆస్తి షరతు పెట్టింది కానీ, ఏ స్థితిలో ఉన్నవాళ్ళైనా కొడుకునో కూతురినో ఏ బడికైనా పంపవచ్చని రాసింది. బడి తలుపు మీద తాళం వేయాలని అడిగినవాళ్ళు ఓడిపోయారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన నాలాంటివాడికి ఇంగ్లండు చట్టాల్లో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈ ఓటమి.

చదువు ఏం చేయగలదో ఒక్క ఉదాహరణ. నార్‌ఫక్‌లో క్లెమెంట్ పాస్టన్ అనే మామూలు రైతు ఉండేవాడు. అతను 1419లో చనిపోయాడు. అప్పు చేసి కొడుకు విలియంను చదివించాడని, అతని భార్య పుట్టు విలన్ వంశం అని శత్రువులు రాసిపెట్టారు. ఆ విలియం వకీలయ్యి 1429లో రాజు కోర్టు జడ్జి అయ్యాడు. అతని వంశం భూములు సంపాదించింది. 'వీళ్ళు విలన్లు, వీళ్ళ భూములు చెల్లవు' అని ప్రత్యర్థులు కేసు లేపితే, 1466లో నాలుగో ఎడ్వర్డు రాజు వాళ్ళది అనాదిగా మర్యాదస్తుల వంశమేనని తీర్పిచ్చాడు. పాత కాగితాలు చూపించారట. ఆ కాగితాలను ఇప్పటి చరిత్రకారులు అంతగా నమ్మరు. మూడు తరాల్లో విలన్ వాసన పోయి దొర వంశమయింది.

పుస్తకం అడిగారు, చుట్టలు కాల్చారు

1381 తిరుగుబాటును చదువురాని జనం ఆవేశంగా చెప్పడం అలవాటు. దానికి నాలుగేళ్ళ ముందు జరిగింది చూస్తే అది నిలవదు. 1377లో దక్షిణ ఇంగ్లండులో నలభై దాకా ఊర్ల జనం చందాలు వేసుకుని, వకీళ్ళను పెట్టుకుని, డూమ్స్‌డే పుస్తకం నుంచి తమ ఊరి నకళ్ళు తెప్పించుకున్నారు. అది 1086లో విలియం రాజు రాయించిన భూముల లెక్క. తమ ఊరు అప్పట్లో రాజు సొంత భూమి అని తేలితే, ఇప్పటి దొర కొత్త వెట్టి వేయడానికి వీల్లేదని వాళ్ళ వాదం. నకళ్ళు చేతబట్టుకుని పని మానేశారు. పార్లమెంటు భయపడి ఆ నకళ్ళతో వెట్టి పోదని తేల్చేసింది. కాగితంతో అడిగితే, ఆ కాగితం చెల్లదన్నారు.

అదే కాలంలో ఫ్రాన్సుతో యుద్ధం ఖర్చు కోసం తలపన్ను వేశారు. 1377లో తలకు 4 పెన్నీలు. 1380లో తలకు 12 పెన్నీలు, ఉన్నవాడికీ లేనివాడికీ ఊరి లెక్కన దాదాపు ఒకటే. లెక్కల్లో హఠాత్తుగా దేశంలో పన్ను కట్టేవాళ్ళు మూడోవంతు మాయమయ్యారు. దాక్కున్నారన్నమాట. విచారణ అధికారులు వచ్చారు. 1381 మే 30న ఎసెక్స్‌లోని బ్రెంట్‌వుడ్‌లో ఫాబింగ్ మొదలైన ఊర్లవాళ్ళు వాళ్ళను తరిమికొట్టారు. కెంట్‌లో ఒక దొర మనుషులు గ్రేవ్‌సెండ్‌లో బతుకుతున్న ఒకతన్ని 'వీడు పారిపోయిన మా విలన్' అని పట్టుకుని రాచెస్టర్ కోటలో వేస్తే, జనం కోట తెరిపించారు. కెంట్‌వాళ్ళు తాము విలన్లు కాకపోయినా విలన్ అని పట్టుకున్న మనిషి కోసం లేచారని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

ముందు నిలబడినవాళ్ళు వాట్ టైలర్, జాన్ బాల్. జాన్ బాల్ పేద పూజారి. దొరా బానిసా అనేది దేవుడి సృష్టిలో లేదని, ఆదాము అవ్వల నుంచే మొదలుపెట్టి ప్రసంగించేవాడు. జూన్ 13న జనం లండన్‌లోకి వచ్చారు. రాజు చిన్నాన్న జాన్ ఆఫ్ గాంట్ భవనం కాల్చారు. 14న మైల్ఎండ్‌లో పద్నాలుగేళ్ళ రెండో రిచర్డు రాజు వాళ్ళ ఎదుటికి వచ్చాడు. అడిగినవి చూడండి. విలన్ పద్ధతి పోవాలి. ఎకరాకు 4 పెన్నీలు మించి కౌలు ఉండొద్దు. ఇష్టపడి ఒప్పుకుంటే తప్ప ఎవరూ ఎవరి దగ్గరా పని చేయనక్కర్లేదు. రాజు సరేనన్నాడు. ముప్ఫైమంది గుమాస్తాలు కూర్చుని ఊరూరికీ విడుదల పత్రాలు రాశారు. అదే రోజు తలపన్నుకు బాధ్యులైన ఆర్చిబిషప్ సడ్‌బరీనీ, ఖజానా అధికారి హేల్స్‌నీ నరికారు. అంతే కాదు, లండన్‌లో ఫ్లెమింగుల్ని, అంటే పొట్టకూటికి వచ్చిన పరాయి దేశపు నేతగాళ్ళనూ వ్యాపారులనూ, వంద మందికి పైగా చంపారు. తిరుగుబాటును మెచ్చుకునేవాళ్ళు ఇది దాటేస్తుంటారు. దాటేయకూడదు.

ఊర్లలో జరిగింది ఇంకా ముఖ్యం. వాళ్ళు చుట్టలు కాల్చారు. ఎసెక్స్‌లో చాలా మేనర్ల కోర్టు చుట్టలు ఇవాళ 1381 నుంచే మొదలవుతాయి. దానికి ముందువి బూడిద. సెయింట్ ఆల్బన్స్‌లో మఠం దొర ఒకప్పుడు జనం ఇళ్ళలోని తిరగళ్ళు గుంజుకుని, అవి వాడనీకుండా మఠం గదిలో నేల పరిపించాడు. 1381లో ఆ ఊరివాళ్ళు నేల పగలగొట్టి, ఆ రాళ్ళ ముక్కలు చర్చిలో రొట్టె పంచినట్టు పంచుకున్నారు. కేంబ్రిడ్జిలో విశ్వవిద్యాలయం దస్తావేజులు కాల్చితే, మార్జరీ స్టార్ అనే ముసలమ్మ, ఈ చదువరుల నేర్పు గాలికి పోవాలంటూ బూడిద ఎగరేసిందని రాశారు. ఆమెను అజ్ఞానానికి గుర్తుగా చూపిస్తుంటారు. కానీ పుస్తకం అంటేనే పగ అనుకుంటే, నాలుగేళ్ళ ముందు డూమ్స్‌డే నకలుకు చందా వేసిందెవరు? మైల్ఎండ్‌లో విడుదల పత్రం రాసివ్వమని నిలబడిందెవరు? వాళ్ళకు అక్షరం మీద పగ లేదు. తమ పుట్టుకను పట్టి ఉంచిన అక్షరం మీద పగ.

15న స్మిత్‌ఫీల్డ్‌లో మాటల మధ్యలో లండన్ మేయరు వాల్వర్త్ టైలర్‌ను పొడిచాడు. జనం చెదిరిపోయారు. జూలై 2న రాజు విడుదల పత్రాలన్నీ రద్దు చేశాడు. జూలై 15న జాన్ బాల్‌ను ఉరితీశారు. పత్రం ఏమైందని అడగబోయిన ఎసెక్స్ జనానికి, మీరు విలన్లే, ఇకపై ఇంకా హీనంగా ఉంటారని రాజు చెప్పాడట. ఇది రాసింది సెయింట్ ఆల్బన్స్ మఠం సన్యాసి వాల్సింగమ్. ఆ మఠమే తగాదాలో ఒక పక్షం. 1381 గురించి మనకు దక్కిన కథల్లో ఎక్కువ భాగం ఇట్లా ప్రతివాది రాసుకున్నదే. నవంబరులో పార్లమెంటును విలన్లను విడుదల చేద్దామా అని అడిగితే, మేమంతా ఒకే రోజు చచ్చినా ఒప్పుకోం అన్నారు.

మరి ఎట్లా పోయింది?

తిరుగుబాటు ఓడిపోయింది. పత్రాలు చెల్లలేదు. అయినా వందేళ్ళలో విలన్ పద్ధతి ఎండిపోయింది. ఎట్లా అంటే, నడిచి పోయారు.

మహామారి తర్వాత ఖాళీ భూములు అన్నిచోట్లా ఉన్నాయి. ఒక దొర మర్చెట్ అడిగితే, రాత్రికి రాత్రి సామాను బండికెత్తి ముప్ఫై మైళ్ళ అవతల ఇంకో దొర దగ్గరికి పోయేవాళ్ళు. ఆ దొర 'నువ్వు ఎవరు, మీ తాత ఎవరు' అని అడగడు. చేతులు దొరికితే చాలు. పట్టణానికి పోయి ఏడాదీ ఒక రోజూ ఉంటే, చాలా పట్టణాల్లో స్వతంత్రుడి కింద లెక్క. మేనరు కోర్టులో ఏటా పారిపోయిన విలన్ల పేర్లు చదివేవాళ్ళు. ఫలానా ఊర్లో ఉన్నాడు, అన్న వెళ్ళి తీసుకురావాలి అని రాసేవాళ్ళు. వచ్చే ఏడూ అదే పేరు, అదే ఆజ్ఞ. కొన్నేళ్ళకు పేరు రాయడమే మానేశారు. పోనివాళ్ళు ఉన్నచోటే పన్నులు ఎగ్గొట్టారు. వెట్టి కూలీతో సొంత సేద్యం గిట్టుబాటు కాక, 1370ల నుంచి దొరలు సొంత పొలాలను కూడా కౌలుకిచ్చేశారు. సేద్యం లేకపోతే వెట్టి దేనికి?

మిగిలిన విలన్ భూమికి పేరు మారింది. కోర్టు చుట్టలో నమోదు చేసి, ఆ నమోదు నకలు రైతుకు ఇచ్చేవాళ్ళు. దాన్నే కాపీహోల్డ్ అన్నారు. నకలు పట్టా అనుకోవచ్చు. ముత్తాత కాల్చిన చుట్టలోంచే ముని మనవడికి పట్టా వచ్చింది. 15వ శతాబ్దం చివరికి రాజు కోర్టులు ఆ పట్టాను కొంత కాపాడడం మొదలుపెట్టాయి. అయినా అక్కడక్కడా పుట్టు విలన్లు మిగిలారు. 1549లో నార్‌ఫక్ తిరుగుబాటుదార్లు వాళ్ళ విడుదల అడిగారు. 1574లో ఎలిజబెత్ రాణి తన భూముల్లో మిగిలినవాళ్ళకు విడుదల అమ్మింది. అవును, డబ్బుకు అమ్మింది.

ఏది రాలేదు?

వెట్టి పోయింది. భూమి వాళ్ళ చేతికి గట్టిగా రాలేదు. ఉన్ని గిరాకీ పెరగడంతో దొరలు పొలాలకు కంచె వేసి గొర్రెలు వదిలారు. ఊర్లు ఖాళీ అవుతున్నాయని 1489లోనే దీనికి విరుగుడు చట్టం చేయాల్సి వచ్చింది. అది పెద్దగా ఆపలేదు. 16వ శతాబ్దంలో జనం మళ్ళీ పెరిగాక నకలు పట్టా మీద కొత్తగా చేరేటప్పుడు కట్టే రుసుము పెంచి చాలామందిని వెళ్ళగొట్టారు. కూలి మళ్ళీ పడిపోయింది. మహామారి ఇచ్చిన బలం జనసంఖ్య తక్కువైనందుకు వచ్చిన బలం, అధికారం వల్ల వచ్చింది కాదు. జనం పెరగ్గానే పోయింది.

అధికారం ఎందుకు రాలేదంటే, 1430 చట్టం ఒకటి చూడాలి. ఏడాదికి 40 షిల్లింగుల ఆదాయం వచ్చే స్వతంత్ర భూమి ఉన్నవాడికే జిల్లా సభ్యుణ్ణి ఎన్నుకునే ఓటు. నకలు పట్టాదారు ఎంత సంపాదించినా వాడిది ఆ లెక్కలో స్వతంత్ర భూమి కాదు. వాళ్ళకు ఓటు రావడం 1832లో, అదీ కాస్త ఉన్నవాళ్ళకే.

కూలీ చట్టమూ పోలేదు. 1351 నాటి సూత్రం, అంటే కూలీ పని విడిచిపోతే అది ఒప్పంద భంగం కాదు, నేరం అనే సూత్రం, 1563లో ఎలిజబెత్ చట్టంలోకి వచ్చింది. యజమాని-పనివాడి చట్టాలుగా ఇంగ్లండులో 1875 దాకా నడిచింది. అదే సూత్రం ఓడెక్కి మన దగ్గరికీ వచ్చింది. 1859లో ఇక్కడి బ్రిటిష్ ప్రభుత్వం చేసిన 13వ చట్టం ప్రకారం, బయానా తీసుకుని పనికి రాని కూలీని మేజిస్ట్రేటు పనికి పంపవచ్చు. వినకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. మొదట మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు, తర్వాత ఇతర ప్రాంతాలకు. ఇది రద్దు కావడం 1925లో. ఇంగ్లండు కూలీకి నేరం కానిది యాభై ఏళ్ళ పాటు ఇక్కడి కూలీకి నేరంగా ఉంది. అప్పుకు కట్టేసిన వెట్టి మీద నిషేధం 1976 చట్టం దాకా ఆగింది.

మనకు ఎంతవరకు?

కొందరు మిత్రులు అంటుంటారు: ఇంగ్లండులో ఆర్థిక మార్పుతో విలన్ పద్ధతి దానంతట అదే పోయింది, పట్టణాలూ పరిశ్రమలూ పెరిగితే ఇక్కడ కులమూ అట్లాగే పోతుంది అని. పైన చెప్పిన కథ చూస్తే రెండు ముక్కలూ తప్పే. అక్కడ దానంతట అది పోలేదు. నకళ్ళు తెచ్చుకున్నవాళ్ళు, చుట్టలు కాల్చినవాళ్ళు, రాత్రిపూట బండి కట్టినవాళ్ళు, అప్పు చేసి కొడుకును బడికి పంపినవాళ్ళు దాన్ని పోగొట్టారు. మహామారి వాళ్ళకు సందు ఇచ్చింది, అంతే. అదే కాలంలో తూర్పు ఐరోపాలో కూడా మనుషులు తక్కువే. అక్కడ తర్వాతి శతాబ్దాల్లో దొరలు రైతుల్ని ఇంకా గట్టిగా కట్టేశారు.

రెండో ముక్క ఇంకా ముఖ్యం. విలన్ కట్టు చుట్టలో ఉంది. చుట్ట కాలితేనో, చుట్ట లేని ఊరికి పోతేనో మనిషి మనిషే. కొత్త ఊర్లో వాడితో కలిసి తిన్నారు, వాడి బిడ్డను చేసుకున్నారు. పాస్టన్లు మూడు తరాల్లో దొరలయ్యారు. బాబాసాహెబ్ బానిసత్వానికీ అస్పృశ్యతకూ తేడా చెబుతూ, బానిసను ఉంచుకోవడం యజమాని ఇష్టం, అంటరానితనం పాటించడం హిందువు మీద విధి అన్నాడు. ఇంగ్లండు కథ ఆ తేడాను బాగా చూపిస్తుంది. విలన్ ఎవరో చెప్పడానికి ఒక దొరా, ఒక గుమాస్తా, ఒక తోలు చుట్ట కావాలి. ఇక్కడ అవేవీ అక్కర్లేదు. పట్నంలో అద్దెకు ఇల్లు అడిగితే ఇంటాయన, హాస్టల్లో పక్క మంచం పిల్లగాడు, పెళ్ళి మాటల్లో ఊరి పేరు అడిగే పెద్దమనిషి, అందరూ గుమాస్తాలే. చుట్ట వాళ్ళ నోట్లో ఉంది. నడిచి పోయి తప్పించుకోవడం ఇంగ్లండు విలన్‌కు సాధ్యమైనంతగా మనకు కాలేదు, అమెరికాకు పోయినా కాలేదు.

అట్లాగని ఆ కథ మనకు అక్కర్లేదని కాదు. కూలి, భూమి, ఓటు, బడి అనే నాలుగింటిలో ఏది వచ్చి ఏది రాకపోతే ఏమవుతుందో అది చెబుతుంది. కూలి పెరిగి భూమి రాకపోతే కూలి మళ్ళీ పడుతుంది. ఓటు లేకుండా విడుదలైతే చట్టం అవతలివాడి చేతిలోనే ఉంటుంది. రాజు చేత్తో రాసిచ్చిన పత్రం పద్దెనిమిది రోజులు నిలిచింది. బడి తలుపు మాత్రం ఒకసారి తెరుచుకున్నాక మళ్ళీ మూయమన్నవాళ్ళ మాట చెల్లలేదు. విలన్ అనే మాటను తిట్టుగా మార్చినవాళ్ళ రాతల్లోంచే ఇదంతా ఏరుకోవాల్సి వచ్చింది. మన ఊర్ల దస్తరాల్లో, కోర్టు కాగితాల్లో, మిషనరీల ఉత్తరాల్లో మనవాళ్ళ గురించి శత్రువో దయగలవాడో రాసిన రాతలు గుట్టలుగా ఉన్నాయి. వాటిని కాల్చాల్సిన అవసరం ఇప్పుడు లేదు. చదవాల్సిన అవసరం ఉంది, మనమే.